ఎవరూ కదలొద్దు, ఒక్క నిమిషం

లైట్లు ఆర్పేశారు. ఇక ఎనభై ఒక్క నిమిషాలు తప్పదు, అనుకుంది నిదియా, పక్క కుర్చీలో మిల్టన్ గొంతులోంచి వస్తున్న ఈల వింటూ. ఈల అంటే ఈల కాదు, ఊపిరి. గొంతులో పుండు పడితే డాక్టర్లు స్వరపేటిక మొత్తం తీసేసి మెడ కింద చిల్లు పెట్టారట. ఆ చిల్లు మీద పల్చటి గుడ్డ కట్టుకుని కూర్చున్నాడు మహానుభావుడు. గాలి లోపలికి పోతే ఒక చప్పుడు, బయటికొస్తే ఇంకో చప్పుడు. ముప్పై అయిదేళ్ళు సినిమాలకి శబ్దం పట్టిన చెవులు ఆమెవి, వద్దన్నా లెక్క కడతాయి: లోపలికి రెండు సెకన్లు, బయటికి మూడు, మధ్యలో ఒక తడి గురక. ఇరవై ఏడేళ్ళ తర్వాత మనిషిని చూస్తే ముందు మొహం చూడాలి, కళ్ళు చూడాలి, జుట్టు ఎంత పోయిందో చూడాలి. ఆమె మాత్రం తలుపు దగ్గరే ఆగి వింది. మిల్టన్ గొంతంటే ఊళ్ళో కుక్కలు కూడా లేచి నిలబడేవి, అలాంటి గొంతు. ఇప్పుడు పాత ఇంటి కిటికీ సందులోంచి గాలి వచ్చినట్టుంది. జాలి పడకూడదు అనుకుంది, పడింది, పడినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

జాలి పడ్డానికి రాలేదు ఆమె. ఒక్క మాట చెప్పి పోదామని వచ్చింది. నిన్ను నేను క్షమించలేదు, క్షమించను, ఆ సంగతి తెలుసుకుని మరీ పో. అంతే. రాజధాని మోంతెవిదేయో నుంచి ఈ పాయ్‌సందూ ఊరికి ఐదు గంటల బస్సు. ఆ ఐదు గంటలూ ఆ మాటనే నోట్లో తిప్పుకుంటూ వచ్చింది, అటు పక్క ఆవులూ ఇటు పక్క ఆవులూ తప్ప దారిలో ఇంకేం లేవు. అతను రాసిన మొదటి ఉత్తరం చింపేసింది. రెండోది కూడా చింపబోయి, చివరి వాక్యం చూసి ఆగింది: "సినిమా ఒక్కసారి నా పక్కన కూర్చుని చూడు, ఆ తర్వాత తిట్టు, డాక్టరు చెప్పినదాన్ని బట్టి తొందరగా తిట్టాలి." నవ్వొచ్చింది. చావబోతూ కూడా వెటకారం పోలేదు వెధవకి. తిరుగు టపాలో ఒకటే ముక్క రాసింది, హాల్లో సౌండు బాగుంటేనే వస్తాను అని. బాగుందా? ఫిల్మ్ క్లబ్బు అధ్యక్షుడు ఎల్బియో, డెబ్బై దాటిన ముసలాయన, శనివారాల డాన్సు హాలు నుంచి స్పీకర్లు అడిగి తెచ్చాడట. బొంయ్ బొంయ్ మని మోగడం తప్ప ఇంకేం తెలీదు వాటికి. గంట ముందొచ్చి మోకాళ్ళ మీద కూర్చుని వైర్లన్నీ పీకి మళ్ళీ తనే పెట్టుకుంది. ఆయన మాతే, అదే అక్కడి చేదాకు టీ, పోసిన సొరబుర్ర చేత్తో పట్టుకుని గొట్టంతో జుర్రుతూ పక్కనే నిలబడ్డాడు. "అమ్మా, మీరు అతిథి. మీరు ముఖ్య అతిథి," అంటాడు. "ముఖ్య అతిథికి చెవులున్నాయండీ, ఆ జుర్రడం కాస్త ఆపండి," అంది.

తెర మీద నది. ఆ నదే, ఈ ఊరి నదే, అవతల అర్జెంటీనా, చలికాలం, ఇనప రంగు నీళ్ళు. దాని మీద అక్షరాలు పడ్డాయి: బుధవారపు పడవ. హాల్లో మొత్తం పదకొండు మంది, మిల్టన్‌నీ తననీ కలుపుకుంటే. అదేం తక్కువ కాదు. రాజధానిలో ఒక్క హాల్లో వారం రోజులు ఆడిందట, ఆఖరి రోజు ముగ్గురొచ్చారట, అందులో ఒకావిడ ప్రొజెక్టర్ తిప్పేవాడి తల్లి. పేపర్లో నాలుగు లైన్లు రాసి, అందులో మిల్టన్ ఇంటిపేరు తప్పుగా అచ్చేశారు. ఇవన్నీ ఎవరో ఒకరు చెప్పగా విన్నదే, ఆమె చూడలేదు. తను శబ్దం పట్టిన సినిమాల్లో తను చూడనిది ఇదొక్కటే. చూడనని ఒట్టు పెట్టుకుంది. ఎవరి మీద ఒట్టు? అమ్మ మీద. అమ్మ అప్పటికే సిమెంటు వెనక ఉంది.

అక్షరాల్లో తన పేరొచ్చింది. శబ్దం, నిదియా ఎచార్త్. ఎల్బియో చప్పట్లు కొట్టాడు, మిగతావాళ్ళు మొహమాటానికి కలిపారు. మిల్టన్ తల తిప్పి ఆమెను చూశాడు. అతని ఒళ్ళో పిల్లల పలక ఒకటుంది, ప్లాస్టిక్‌ది, దాని మీద పుల్లతో రాసి, అడుగున ఉన్న పట్టీ లాగితే చెరిగిపోతుంది. మాట పోయాక అలాంటిదే ఏదో వాడతాడనుకుంది. కానీ ఇందాక అతని మేనకోడలు లూర్దెస్ నవ్వుతూ చెప్పింది, "ఇంట్లో అన్నీ కాగితాల మీదే రాసి పడేస్తాడండీ, ఊడ్చలేక చస్తున్నా. మీరొస్తున్నారని తెలిసి మొన్న ఈ పలక కొనిపించాడు. ఎందుకో అడిగితే చెప్పడు. నా ముందు ఫోజు కొట్టడు కానీ మీ ముందు మాత్రం కొత్త వస్తువు కావాలి." నిదియా నవ్వలేదు. ఎందుకో ఆమెకి తెలుసు. కాగితం చప్పుడు ఆమె పక్కన చెయ్యకూడదని. తెలిసే చేశావా, మిల్టన్, అంత గుర్తుందా నీకు? గుర్తుంటే ఏం లాభం.

తెర మీద ఆ అమ్మాయి వచ్చింది, సినిమాలో నాయిక, పేరు కూడా నిదియాయే పెట్టింది, తన చిన్నాన్న కూతురి పేరు. కథ ఇద్దరూ కలిసే రాశారు. మోంతెవిదేయోలో ఒక్క గది, వంటింటి బల్ల, ఇద్దరికీ కలిపి ఒక జత చేతిగ్లవ్సులు, కుడిది తనకి ఎడమది అతనికి, అతను ఎడమచేతి వాటం కాబట్టి సరిపోయింది. ఆరేళ్ళు అలాగే ఉన్నారు. పెళ్ళి సంగతి సినిమా అయ్యాక చూద్దాం అనుకున్నారు, డబ్బుల్లేకా కాదు, అదే తోచింది. అతను డైలాగు చదివి వినిపించేవాడు, ఆమె "ఇలా ఏ ఊళ్ళో ఎవడు మాట్లాడతాడ్రా, పాదిరీ ప్రసంగంలా ఉంది," అనేది. "అయితే నువ్వే రాయి, మహాతల్లీ." రాసింది. చిన్న కథే. ఒకప్పుడు ప్రేమించుకున్న ఇద్దరు, ఒకరినొకరు మోసం చేసుకుని విడిపోయినవాళ్ళు, పన్నెండేళ్ళకి ఓ రేవులో కలుస్తారు. ముందు తిట్టుకుంటారు, తర్వాత పాత స్నేహం మెల్లిగా రాజుకుంటుంది, ఆఖరికి రేవు చివర కూర్చుని నిజాలు చెప్పుకుంటారు. క్షమాపణ గురించి ముప్పై ఏళ్ళ పిల్ల ఏం రాస్తుంది? ఏదో రాసింది. అప్పుడేం తెలుసు తనకి.

వెనకెవరో దగ్గారు. పొడి దగ్గు, మగవాడు, ఎడమ వైపు మూడో వరస. తెర మీద ఇద్దరూ తిట్టుకుంటున్నారు, నిదియా మాటలు వినడం లేదు, మాటల వెనక వింటోంది. ఆ ఉదయం గాలి, ఆ రేవులో రేకులు, ఎక్కడో గొలుసు. ఇవన్నీ తను పట్టినవే. ఈ షాటు రెండో రోజు, తన చేతులు మంచుగడ్డలు. ఇది నాలుగో రోజు, మిల్టన్ తన భుజాల మీద కోటు కప్పి "దొంగలా వణకమాకే, మైకు కదుల్తుంది," అన్న రోజు. ఆ తర్వాత ఆరో రోజు. ఆదివారం. ఎంత పక్కకి తోసినా ఆరో రోజు మళ్ళీ వచ్చి నిలబడుతుంది, ఇరవై ఏడేళ్ళుగా అంతే, బస్సులో, స్నానంలో, ఇంకొకరి సినిమా సెట్లో చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకోగానే.

ఆదివారం ఆఖరి షూటింగు. కెమెరా అర్జెంటీనా వాడిది, ఆ సాయంత్రమే వంతెన దాటించి పట్టుకుపోతాడు. ఒక్క సీను మిగిలింది, రేవు చివరి సీను, సినిమా అంతా దాని కోసమే. పొద్దున్న ఏడింటికి అందరికీ బిస్కోచోలు, చిన్న చిన్న వెన్న రొట్టెలు, కొనడానికి మిల్టన్ బేకరీకి వెళ్ళాడు. బస పక్కనే బేకరీ, వీధి మొత్తానికి అక్కడొక్కటే ఫోను. సొంతూరు కస్తీయోస్ నుంచి నిదియా పెద్దన్న ఫోను చేశాడు. బేకరీ ఆవిడ చేతికి దొరికిన కాగితం మీద రాసి మిల్టన్ చేతికిచ్చింది, రొట్టెలు చుట్టే కాగితం, పల్చగా, నూనె పట్టి, ముట్టుకుంటే గరగరమనేది. "నిదియా తల్లి తెల్లారుజామున పోయింది. సోమవారం పదింటికి సమాధి చేస్తారు." అతను చదివాడు, మడిచాడు, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. బిస్కోచోలు పట్టుకొచ్చి అందరికీ పంచాడు. ఆమెకి లోపల క్విన్సు పండు తీపి పెట్టినది ఇచ్చాడు, అదే ఆమెకిష్టం. తింది. వేళ్ళు నాక్కుంటూ తింది. ఆ రుచి ఇప్పటికీ నోటికొస్తే ఊసేస్తుంది.

ఎనిమిదింటికి బస్సుంది. అది ఎక్కితే రాత్రికల్లా కస్తీయోస్ చేరేది, తల్లి పక్కన రాత్రంతా కూర్చునేది, చెయ్యి పట్టుకునేది. చచ్చిన వాళ్ళని ఈ దేశంలో ఎక్కువసేపు ఉంచరు, ఒక రాత్రి జాగారం, మర్నాడు గోడలో పెట్టి ఇటుకలు కట్టేయడమే. మిల్టన్‌కి తెలీదా? తెలుసు. కానీ పోయిన మనిషి ఎలాగూ పోయింది, సాయంత్రం చెప్తే రాత్రి బస్సులో వెళ్ళిపోతుంది, పదింటికి అందుకుంటుంది, సీను దక్కుతుంది అని లెక్క వేసుకున్నాడు. లెక్కలో ఒక్కటే తప్పు. ఆదివారం రాత్రి బస్సు లేదు. ఆ చుట్టుపక్కల పుట్టి పెరిగినవాడు, ఆదివారం రాత్రి బస్సు లేదన్న సంగతి మర్చిపోయాడు. అంత మంచి సీను తీస్తున్న సంతోషంలో ఎవడికి గుర్తుంటుంది బస్సు.

సీను అయ్యాక ఆమె ఎప్పటిలాగే అరిచింది, "ఎవరూ కదలొద్దు, ఒక్క నిమిషం!" శబ్దం పట్టేవాళ్ళకి అది నియమం. ప్రతి చోటికీ దాని నిశ్శబ్దం దానిది, దాన్ని ఒక్క నిమిషం విడిగా పట్టుకుంటే తర్వాత మాటల మధ్య అతుకులు పడకుండా పరుచుకోవచ్చు. ఎక్కడి వాళ్ళక్కడ నిలబడతారు, గోక్కోకూడదు, మింగకూడదు. నిమిషం మొదలైంది. గొలుసు, రేకు కింద గాలి, పావురం, నీళ్ళు చెక్కకి తగిలి వెనక్కి పోవడం. ఇరవై మూడో సెకనులో గర్‌ర్‌ మని ఒక చప్పుడు. హెడ్‌ఫోన్లు తీసి బల్లకేసి కొట్టింది. "ఎవడి జేబులోరా కాగితం? ఎవడు? మిల్టన్, నువ్వేనా? సిగ్గులేదూ, డైరెక్టరువి!" అందరూ నవ్వారు. మిల్టన్ నవ్వలేదు. జేబులోంచి కాగితం తీసి పిడికిట్లో పట్టుకుని, చెయ్యి దూరంగా చాచి నిలబడ్డాడు, మంటలో చెయ్యి పెట్టినవాడిలా. రెండోసారి నిమిషం శుభ్రంగా వచ్చింది. శబ్దాల చీటీ మీద రాసింది: మొదటిది పాడు, కాగితం. రెండోది మంచిది, ఇదే వాడాలి.

ఆరింటికి, కెమెరా వంతెన దాటాక, ఆ కాగితం ఆమె చేతిలో పెట్టాడు. మడత విప్పుతుంటేనే చెవికి తెలిసిపోయింది, కంటికి తెలియకముందే. అదే చప్పుడు. తన తల్లి చావు తన చెవిలోనే పడింది, పడితే పాడైందని చీటీ రాసింది. ఆ తర్వాత ఏం తిట్టిందో గుర్తులేదు. రాత్రంతా బస్టాండు బెంచీ మీద కూర్చుంది. ఎవరి కారైనా దొరుకుతుందేమోనని నిర్మాతా, మేకప్ అమ్మాయీ ఊరంతా తిరిగారు, దొరకలేదు. మిల్టన్ రోడ్డుకి అవతల కాలిబాట మీద కూర్చున్నాడు తెల్లారేదాకా, మిగతావాళ్ళు ఇటు రమ్మంటే రాలేదు, ఆమె పొమ్మంటే పోలేదు. కస్తీయోస్ చేరేసరికి మధ్యాహ్నం మూడయింది. గోడ కట్టేశారు. సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది. వేలితో ముట్టుకుంటే గుంట పడింది. తాపీ మేస్త్రి చూసి, "ముట్టుకోకమ్మా, పగుళ్ళొస్తాయి," అన్నాడు. తల్లి మొహం చూడలేదు. దోరిల్డా అని పేరు రాసిన గోడని చూసింది. పెద్దన్న మాట్లాడలేదు ఆమెతో, సినిమాల పిల్ల సినిమా అయ్యేదాకా రాలేదు అనుకున్నాడు, చచ్చేదాకా అలాగే అనుకుని చచ్చాడు. ఆమె నిజం చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఆమెకే తెలీదు. మిల్టన్ పేరు నోట రాలేదు, అంతే.

తెర మీద సాయంత్రం అయింది. ఇదే, రేవు చివరి సీను. లేచి పోదామా? చీకట్లో ఎవరు చూస్తారు, చెప్పాల్సిన మాట బయట చెప్పొచ్చు. కానీ పక్కన ఈల ఆగినట్టుంది, ఊపిరి బిగబట్టాడు, తల తిప్పితే తెలిసింది, మిల్టన్ తెరవంక చూడటం లేదు. తననే చూస్తున్నాడు. ఎప్పట్నుంచి చూస్తున్నాడో. తెర వెలుగు పడ్డ ఆ మొహంలో ముక్కూ కళ్ళూ తప్ప ఇంకేం మిగల్లేదు. ఏమిటా చూపు, అనుకుంది, ఏం కావాలి నీకు, ఏడవాలా నేను? తెర మీద మగవాడు అడుగుతున్నాడు, కోపం పోయిందా అని. ఆడమనిషి, నదివంక చూస్తూ, తను ముప్పై ఏళ్ళప్పుడు వంటింటి బల్ల మీద రాసిన మాట చెప్తోంది. "పోలేదు. కానీ పడవొచ్చింది కదా. ఎక్కుదాం." తర్వాత మాటల్లేవు. నది. చాలాసేపు నది. గొలుసు, రేకు కింద గాలి, పావురం.

ఆమె లెక్కపెడుతోంది, వద్దన్నా. పద్దెనిమిది. పంతొమ్మిది. నీళ్ళు చెక్కకి తగిలాయి. ఇరవై రెండు.

గర్‌ర్‌.

డాన్సు హాలు స్పీకర్లలోంచి కూడా శుభ్రంగా వినిపించింది, తనే కదా వైర్లు పెట్టింది. వెనక ఎవరూ కదల్లేదు, ఎవరికీ ఏమీ తెలీలేదు, తెలియడానికి అందులో ఏముంది, కాగితం. నిదియా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పాడైన నిమిషం. పాడు అని తన చేత్తో రాసిన నిమిషం, మంచిది పక్కనే ఉండగా. శబ్దాలు కలిపేవాడు తప్పకుండా అడిగే ఉంటాడు, ఏదో కాగితం చప్పుడుందండీ, తీసేద్దామా అని. తీసెయ్యకు, అన్నాడు. దొంగ. నా తల్లి చావుని కూడా సినిమాలో పెట్టుకున్నాడు. అది మొదటి తలపు, దాంతో ఒళ్ళంతా వేడెక్కింది, మాట నాలిక చివరికొచ్చింది. రెండో తలపు దాని వెనకే, అడగకుండా వచ్చి కూర్చుంది: ఇది ఎవరికి వినిపించాలని? ప్రపంచంలో ఈ చప్పుడేమిటో తెలిసిన చెవులు ఒకే ఒక జత. అతను తన తప్పుని తనే సినిమా చివర అతికించి, హాల్లో ఆడించి, ఆ ఒక్క జత చెవుల కోసం కూర్చున్నాడు. ముగ్గురొచ్చిన రోజున కూడా వెనక్కి తిరిగి చూసుకునే ఉంటాడు. ఆ చెవుల మనిషేమో వినను అని ఒట్టు పెట్టుకుంది. ఇరవై ఏడేళ్ళు. గొంతు ఉన్నన్నాళ్ళూ తలుపు తట్టి చెప్పే దమ్ము లేక ఈ చప్పుడికి అప్పజెప్పాడు పిరికివాడు. పిరికివాడే. అయినా చెప్పాడు. రెండూ నిజమే, ఏది పట్టుకోవాలో తెలీలేదు, కళ్ళ నిండా నీళ్ళొచ్చి తెర మీద నది ఏదో, తన కళ్ళేవో తెలీకుండా పోయింది.

లైట్లు వేశారు. ఎల్బియో లేచి ఏదో మాట్లాడబోయాడు, ఎవరూ పట్టించుకోకపోయేసరికి మళ్ళీ కూర్చుని సొరబుర్ర అందుకున్నాడు. మిల్టన్ ఇంకా అలాగే చూస్తున్నాడు. మెడ మీద గుడ్డ ఎగిరి పడుతోంది, లోపలికి ఒకటి, బయటికి ఒకటి.

"విన్నాను," అంది నిదియా.

అతను కళ్ళు మూసుకున్నాడు. తర్వాత పలక మీదికి వంగి, ఎడమ చేత్తో, వంకరటింకరగా రాసి చూపించాడు: ఎన్నో సెకను?

"ఇరవై మూడు."

పట్టీ లాగి చెరిపాడు. రాశాడు: ఇరవై నాలుగు.

"నోర్ముయ్‌రా," అంది, అనేశాక నాలిక కరుచుకుంది, కానీ మిల్టన్ భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడు. చప్పుడు లేకుండా, మెడ చిల్లులోంచి గాలి బుసబుసలాడుతుంటే, పాత నవ్వే నవ్వుతున్నాడు. నవ్వు దగ్గు అయింది, దగ్గు ఆగలేదు, గుడ్డ మీద ఎర్రటి చుక్క కనిపించింది. లూర్దెస్ పరుగున వచ్చి మేనమామని నడుం దగ్గర పట్టుకుంది, గుడ్డ మార్చింది, చేతులు అలవాటుగా కదులుతున్నాయి. అతను అలిసిపోయి కుర్చీలోకి జారి కళ్ళు మూశాడు. నిదియా అతని చెయ్యి పట్టుకుని ఉంది. ఎప్పుడు పట్టుకుందో తెలీలేదు. బస్సులో ఐదు గంటలు తిప్పుకుంటూ వచ్చిన మాట ఇంకా నోట్లోనే ఉంది. దాన్ని చెప్పలేదు, దానికి ఎదురుమాటా చెప్పలేదు. అమ్మ మొహం చూడలేదన్నది అలాగే ఉంది, రేపూ ఉంటుంది.

"డాక్టర్లు వారం అన్నారండీ," అంది లూర్దెస్ గొంతు తగ్గించి, "అంతకన్నా ముందే కావచ్చన్నారు. మీ బస్సు ఐదున్నరకి కదా, నేను ఎల్బియోగారితో దింపిస్తాను. ఏదన్నా అయితే మీకు వెంటనే కబురు చేస్తాను, ఏ టైమైనా సరే. మీ నెంబరు ఇవ్వండి." చేతిసంచీలో వెతికి, పొద్దున్న బిస్కోచోలు చుట్టి తెచ్చిన బేకరీ కాగితం తీసి, దాని అంచు చింపింది.

గరగరమంది. కళ్ళు మూసుకునే ఉన్న మిల్టన్ చెయ్యి నిదియా చేతిలో ఒక్కసారి ఉలిక్కిపడింది.

నిదియా రెండో చేత్తో ఆ కాగితాన్ని మెల్లిగా వెనక్కి నెట్టింది. "కబురొద్దమ్మా," అంది. "నేను ఇక్కడే ఉంటాను. మీ ఇంట్లో మంచం లేకపోతే కుర్చీ అయినా చాలు."